నాన్నకు పైపు ఎందుకు?

తెల్లారేసరికే ఛత్రపట్టిలో మరమగ్గాలు మోగుతుంటాయి. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో రాజపాళయం పక్కనున్న ఈ ఊరూ, దాని పొరుగునున్న సముసిగాపురమూ దేశానికి కట్టుగుడ్డ నేసిపెట్టే ఊళ్లు. మగ్గం దిగిన పలచటి నూలుగుడ్డను ఉడకబెట్టి, బ్లీచింగ్ చేసి, ఎండలో బారులుగా ఆరవేస్తారు. నూలుకు పుట్టుకతో పట్టి ఉండే మైనం ఆ ఉడుకులోనే వదులుతుంది. అది వదిలాకే గుడ్డ తడిని పీలుస్తుంది. ఆసుపత్రిలో గాయం మీద వేసే గాజుగుడ్డ, దాని మీద చుట్టే బ్యాండేజీ చాలావరకు ఇలాంటి ఎండలో ఆరి వచ్చినవే.

అదే తాలూకాలో, రాత్రి రెండు దాటాక, ఏదో ఒక ఇంట్లో లైటు వెలుగుతుంది. డెబ్బై అయిదు దాటిన పెద్దాయన మంచం అంచున కూర్చుని ఉంటాడు. లుంగీ తడిసింది, దుప్పటి తడిసింది. మోకాళ్ల నొప్పుల భార్య గోడ పట్టుకుని లేచి, పాత పంచె తెచ్చి పక్క మారుస్తుంది. కొడుకు చెన్నైలోనో, బెంగళూరులోనో ఉంటాడు. కోడలిదాకా ఈ సంగతి పోకూడదని ఆయన సాయంత్రం నాలుగు నుంచీ మంచినీళ్లు మానేశాడు. అయినా ఆగలేదు. ఈ దృశ్యానికి పేరూ చిరునామా పెట్టనక్కర్లేదు. కడపలోనూ కరీంనగర్‌లోనూ ఇదే గది, ఇదే లైటు, ఇదే మౌనం.

ఈ మౌనం మీద ఇప్పుడు కాస్త మాట మొదలైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. గాజుగుడ్డ, బ్యాండేజీల మీదా అంతే తగ్గింది. మందుల దుకాణంలో పెద్దల డైపర్ ప్యాకెట్టు అడగడానికి గొంతు తగ్గించే రోజులు కొద్దికొద్దిగా పోతున్నాయి. ధర గురించి మాట్లాడుకున్నప్పుడే అసలు సంగతి కూడా మాట్లాడుకోవాలి. మగవాళ్లకు మూత్రం ఆగకపోతే మన ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు, ఇళ్లకు మొదట తట్టే ఆలోచన ఒకటే: మూత్రానికి పైపు వేయించేద్దాం. చాలామందికి ఆ పైపు అవసరం లేదు. చాలామందికి అది చెరుపు చేస్తుంది కూడా.

మిల్లుల ఊరు ముసలిదవుతోంది

రాజపాళయం తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. విజయనగర కాలం నాటి వలసల్లో దక్షిణానికి వచ్చి పడమటి కనుమల అడుగున స్థిరపడ్డ రాజుల కులంవాళ్లు ఇక్కడ పాతపాలెం, కొత్తపాలెం అంటూ పేటలు కట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజాది ఈ ఊరే. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా స్థాపించిన రాజపాళయం మిల్స్‌తో ఊరు నూలు ఊరైంది. ఆ మిల్లుల్లో, ఆ మగ్గాల మీద మూడు షిఫ్టులూ నిలబడి పనిచేసిన తరం ఇప్పుడు మంచాన పడే వయసుకు వచ్చింది.

లెక్కలూ అదే చెబుతున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం తమిళనాడు జనాభాలో అరవై దాటినవాళ్లు 13.6 శాతం. కేరళ తర్వాత దేశంలో ఎక్కువ ఇక్కడే. ఆంధ్రప్రదేశ్ కూడా వెనకబడి లేదు, అక్కడ 12.4 శాతం. పిల్లలు దూరంగా ఉన్న ఊళ్లలో ఈ అంకెకు అర్థం వేరు. మంచం పక్కన ఉండేది సాటి వయసు భార్య, లేకపోతే పన్నెండు గంటల డ్యూటీకి వచ్చే అటెండరు.

> జపాన్‌లో, మన దగ్గర
> జపాన్‌లో కాగితం, డైపర్ల వ్యాపారం చేసే ఓజీ సంస్థ 2024లో ఆ దేశంలో పసిపిల్లల డైపర్ల తయారీ ఆపేసింది. పుట్టే పిల్లలు తగ్గిపోయారు కాబట్టి ఇక పెద్దల డైపర్ల మీదే దృష్టి పెడతామని చెప్పింది. మన దగ్గర పెద్దవాళ్ల వైద్యానికి ప్రత్యేక ఓపీ మొదలైంది 1978లో, మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో. దాన్ని నడిపిన డాక్టర్ వి.ఎస్. నటరాజన్‌కు తర్వాత పద్మశ్రీ వచ్చింది. 2024లో చెన్నై గిండీలో 200 పడకలతో జాతీయ వృద్ధుల వైద్య కేంద్రం తెరుచుకుంది.

పైపు ఎలా వస్తుంది, ఎందుకు ఉండిపోతుంది

మూత్రాశయంలోకి గొట్టం పంపి, లోపల చిన్న బుడగ ఊది, జారకుండా నిలబెట్టే ఈ కాథెటర్‌కు అమెరికా యూరాలజిస్టు ఫ్రెడరిక్ ఫోలీ పేరే నిలిచింది. 1930లలో వచ్చిన ఆ పరికరం ఎన్నో ప్రాణాలు నిలిపింది. మూత్రం పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు, పెద్ద ఆపరేషన్ జరుగుతున్నప్పుడు, ఐసీయూలో గంటగంటకూ మూత్రం కొలవాల్సి వచ్చినప్పుడు అది కావాలి. పిరుదుల మీద లోతైన పుండు పడి, మూత్రం తగిలి మానకపోతున్నప్పుడూ కావాలి. చివరి రోజుల్లో మనిషిని కదిపితేనే నొప్పి అన్నప్పుడు, ఆయన కోరితే, అదీ న్యాయమే.

చిక్కు ఎక్కడంటే, వేసిన కారణం తీరిపోయాక కూడా పైపు ఉండిపోవడంలో. పక్షవాతం వచ్చిందని వార్డులో చేర్చిన మొదటి రోజే వేస్తారు. పక్క మార్చే మనుషులు వార్డులో తక్కువ. డిశ్చార్జి కాగితంలో మందులన్నీ ఉంటాయి, పైపు ఎప్పుడు తీయాలో ఉండదు. ఇంటికొచ్చాక ‘ఉంటే హాయిగానే ఉంది కదా, పక్క తడవట్లేదు’ అనిపిస్తుంది. ఆ హాయి చూసుకునేవాళ్లది. లోపల గొట్టం ఉన్న మనిషిది కాదు.

గొట్టం లోపల ఉన్న ప్రతి రోజూ మూత్రంలో సూక్ష్మజీవులు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం దాకా ఉంటుందని వైద్యులు లెక్కగట్టారు. నెల తిరిగేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ అవి ఉంటాయి. అందరికీ జబ్బు రాదు. వచ్చినవాళ్లకు మాత్రం చలిజ్వరం, మతి తప్పడం, ఒక్కోసారి రక్తంలోకి విషం ఎక్కడం. ఇంకో ప్రమాదం మతిమరుపు ఉన్నవాళ్లకు: అర్ధరాత్రి ఏదో అడ్డంగా ఉందని బుడగతో సహా గొట్టం లాగేసుకుంటారు. రక్తం కారుతుంది. మళ్లీ లాగకుండా చేతులు మంచానికి కడతారు. అమెరికా వైద్యుడు సంజయ్ సెయింట్, ఆయన సహచరులు 2002లోనే ఈ గొట్టాన్ని మనిషిని మంచానికి కట్టేసే కట్టుతాడుతో పోల్చి రాశారు. సంచీ మోసుకుంటూ నడవడం ఇష్టం లేక లేవడం మానేసిన పెద్దలను చూసినవాళ్లకు అందులో అతిశయోక్తి కనిపించదు.

అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ 2009 మార్గదర్శకాల్లో సూటిగానే చెప్పింది: మూత్రం ఆగని మనిషికి చేయాల్సిన సేవకు బదులుగా లోపలి కాథెటర్ వేయకూడదు. మన వార్డుల గోడల మీద రాయదగ్గ మాట ఇది.

కారుతోందా, నిండి పొర్లుతోందా?

డైపర్ కొనేముందు తేల్చుకోవాల్సింది ఇదే. మగవాళ్లలో వయసుతో ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి దారి నొక్కేస్తుంది. మధుమేహం ముదిరితే మూత్రాశయం నరాలు మొద్దుబారతాయి. రెండింట్లోనూ మూత్రాశయం ఖాళీ కాదు. నిండిన తొట్టి అంచు మీద నుంచి కారినట్టు బొట్టుబొట్టుగా పడుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు ‘ఆపుకోలేకపోతున్నాడు’ అనుకుంటారు. నిజానికి ఆయన పోయలేకపోతున్నాడు. ఈ తేడా తెలియకుండా డైపర్ కట్టి ఊరుకుంటే వెనక్కి ఒత్తిడి పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్ స్కానింగులో నిమిషాల్లో తెలుస్తుంది. అలా మిగిలేవాళ్లకు మందులు, ఆపరేషన్ ఉన్నాయి. లేదంటే రోజుకు కొన్నిసార్లు శుభ్రమైన సన్నటి గొట్టంతో ఖాళీ చేసి వెంటనే తీసేసే పద్ధతి ఉంది. 1972లో మిషిగన్ యూరాలజిస్టు జాక్ లాపిడెస్ ఆ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేశాడు. రోజంతా లోపలే ఉండే పైపు కంటే అది ఎంతో మేలు.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ హఠాత్తుగా పక్క తడిపితే, అది ముసలితనం అని సరిపెట్టుకోకండి. ముందు మలబద్ధకం చూడాలి. పేగులో గట్టిపడ్డ మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది. మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోని కారణం ఇదే. తర్వాత మూత్రంలో ఇన్ఫెక్షన్, అదుపు తప్పిన షుగరు, జ్వరంలో మతి తప్పడం, కొత్తగా మొదలెట్టిన నిద్రమాత్ర. కాళ్ల వాపుకు, గుండెకు ఇచ్చే మూత్రం పోయించే బిళ్ల రాత్రి వేస్తే రాత్రంతా లేవాల్సిందే. ఉదయానికి మార్చవచ్చేమో డాక్టరును అడగండి. మూత్రం ఆపడానికి ఇచ్చే కొన్ని పాత రకం మందులు పెద్దవాళ్లలో మతిని మసకబరుస్తాయి, మూత్రాన్ని పూర్తిగా బిగబట్టేస్తాయి కూడా. పక్కింటాయనకు పనిచేసిందని వాడే మందు కాదు అది.

ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవాళ్లది వేరే సంగతి. దగ్గితే, లేస్తే కారుతుంది. వీళ్లలో ఎక్కువమందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కటి కండరాలను బిగబట్టి వదిలే వ్యాయామం ఆ కోలుకోవడానికి సాయపడుతుంది. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ ఆడవాళ్ల కోసం ప్రచురించిన వ్యాయామమే ఇది, మగవాళ్లకూ పనికొస్తుంది. అపానవాయువును ఆపుకున్నట్టు లోపలికి బిగించాలి, ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. కొన్ని సెకన్లు పట్టి వదలాలి. పోశాక లుంగీలో నాలుగు బొట్లు పడేవాళ్లు వృషణాల వెనక నుంచి ముందుకు వేలితో మెల్లగా నొక్కి తోస్తే గొట్టంలో మిగిలింది వచ్చేస్తుంది. ఇంత చిన్న చిట్కా చెప్పేవాళ్లు లేక పెళ్లిళ్లకు పోవడం మానేసినవాళ్లున్నారు.

గడియారం చూసి అడగండి

పైపుకు బదులుగా నేను మొదట నిలబెట్టేది ఏ వస్తువునూ కాదు, ఒక అలవాటును. మూడు రోజులు ఒక కాగితం మీద రాయండి: ఎన్నింటికి నీళ్లు తాగారు, ఎన్నింటికి పోశారు, ఎన్నింటికి తడిసింది. మూడో రోజుకు ఆ మనిషి శరీరం వేళలు కాగితం మీద కనబడతాయి. తడిసే వేళకు కాస్త ముందే వెళ్లి, ‘నాన్నా, ఒకసారి లేద్దామా?’ అని అడగాలి. పొడిగా ఉంటే మంచిమాట చెప్పాలి. తడిస్తే మాట అనకూడదు. మెలకువగా ఉన్నంతసేపు రెండేసి గంటలకు ఒకసారి. అంతే.

అమెరికా నర్సింగ్ హోముల్లో ఈ పద్ధతిని ఏళ్ల తరబడి పరీక్షించారు. మూడు రోజుల ప్రయత్నంలోనే బాగా స్పందించినవాళ్లు నూటికి 25 నుంచి 40 మంది. వాళ్లలో మతిమరుపు ఉన్నవాళ్లూ ఉన్నారు. మిగతావాళ్లకు ప్యాడ్లు తప్పవు. కానీ మూత్రం ఆగని వందమందిలో పాతికమంది మళ్లీ చాలావరకు పొడిగా ఉంటారంటే, అందుకు మందు బిళ్ల అక్కర్లేదు, అడిగే నోరు చాలంటే, ఏ వృద్ధాశ్రమమైనా ఎందుకు మొదలెట్టదు? మనుషులు చాలరు కాబట్టి. ముప్పై మందికి ఇద్దరు ఆయాలు ఉన్నచోట రెండు గంటలకోసారి అడగడం కుదరదు. నెలనెలా డబ్బు కట్టే కుటుంబాలు భోజనం మెనూ అడుగుతాయి. రాత్రి షిఫ్టులో ఎంతమంది ఉంటారని అడిగేవాళ్లు తక్కువ.

నీళ్లు మాన్పించడం మాత్రం పొరపాటు. చిక్కబడ్డ మూత్రం మూత్రాశయాన్ని ఇంకా చిరాకు పెడుతుంది, ఇన్ఫెక్షన్ తెస్తుంది, మలబద్ధకం పెంచుతుంది. గుండె, కిడ్నీ డాక్టర్లు వద్దననంతవరకు పగలు తాగించండి, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. రాత్రి కాఫీ వద్దు. కాళ్ల వాపు ఉన్నవాళ్లు మధ్యాహ్నం కాళ్లు ఎత్తులో పెట్టి పడుకుంటే, కాళ్లలోని నీరు పగలే దిగి రాత్రి లేవడం తగ్గుతుంది.

> గది మార్చండి
> అర్ధరాత్రి దొడ్డికి పరిగెత్తబోయి పడి తుంటి విరిగినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మంచం నుంచి బాత్‌రూం దాకా చిన్న లైటు వెలగాలి. గోడకు పట్టుకునే కడ్డీ, కూర్చునే కమోడు, జారని చెప్పులు ఉండాలి. బటన్లు, జిప్పు ఉన్న ప్యాంటు బదులు లుంగీ, పంచె, ఎలాస్టిక్ పైజమా. ఈ ఒక్క విషయంలో మన దక్షిణాది మగవాళ్ల కట్టు వాళ్లకు వరమే.

సీసా, తొడుగు, ప్యాడ్

మంచం పక్కన మూతి వెడల్పున్న ప్లాస్టిక్ యూరిన్ సీసా ఒకటి చేతికందేలా వేలాడదీస్తే సగం రాత్రుల సమస్య తీరుతుంది. నిలబడలేకపోతే అంచున కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు ఒత్తిగిలి. పడుకుని పోయడం చాలామంది మగవాళ్లకు చేతకాదు. నలుగురిలో అసలే రాదు. అటెండరు సీసా పెట్టి తెర వేసి రెండు నిమిషాలు బయటికి వెళ్తే చాలు.

సీసా అందుకోలేనివాళ్లకు బయట తొడిగే కాథెటర్ ఉంది, మందుల దుకాణాల్లో కండోమ్ కాథెటర్ అంటారు. పలచటి తొడుగు, చివర చిన్న గొట్టం, కింద సంచి. లోపలికి ఏదీ పోదు. సంజయ్ సెయింట్ బృందమే 75 మంది మగవాళ్ల మీద బయటి తొడుగునూ, లోపలి పైపునూ పోల్చి 2006లో ఫలితాలు ప్రచురించింది. బయటి తొడుగు వాడినవాళ్లలో, ముఖ్యంగా మతిమరుపు లేనివాళ్లలో, మూత్రంలో సూక్ష్మజీవులు, ఇన్ఫెక్షన్, మరణం కలిపి చూస్తే తక్కువ. తొడుగే సుఖంగా ఉందని వాడినవాళ్లు చెప్పారు.

అయితే తొడుగు వేయడం ఒక పనితనం. కొలిచి సరైన సైజు తీసుకోవాలి. వదులైతే జారుతుంది, బిగుతైతే కోస్తుంది. చర్మాన్ని కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. వెంట్రుకలు కత్తెరతో కత్తిరించాలి, గొరగకూడదు. కొసన ఒకటి రెండు సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. అరగంట తర్వాత ఒకసారి చూడాలి: రంగు మారిందా, వాచిందా? ఇరవై నాలుగు గంటలకు మార్చాలి. రబ్బరు పడనివాళ్లకు సిలికాన్ రకం దొరుకుతుంది. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. జారకుండా ఉండాలని మామూలు ప్లాస్టరో, దారమో, రబ్బరు బ్యాండో చుట్టూ బిగించకండి. రక్తం ఆగి అంగం నల్లబడి, కోల్పోయే దాకా పోతుంది. మూత్రం లోపల నిలిచిపోయేవాళ్లకు ఈ తొడుగు పనికిరాదు, ముందు స్కానింగ్ అందుకే.

డైపర్లు, ప్యాడ్లు వీటన్నిటికీ తోడు. నడిచే మనిషికి పొద్దున్నుంచీ పెద్ద డైపర్ కట్టేస్తే ఆయన బాత్‌రూంకు వెళ్లడమే మానేస్తాడు. లోదుస్తుల్లో పెట్టే చిన్న ప్యాడ్ పగలు, డైపర్ రాత్రి. ‘పది గంటలు ఆగుతుంది’ అని అట్ట మీద రాసి ఉందని పది గంటలు వదిలేయకండి. మన ఉక్కపోతలో తొడల సందున ముందు ఎరుపు, తర్వాత ఫంగస్, తర్వాత పుండు. మామూలు సబ్బుతో రుద్దకుండా నీళ్లతో కడిగి, అద్ది, ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీమో, వాసెలీనో పలచగా రాస్తే మూత్రానికీ చర్మానికీ మధ్య అడ్డు ఉంటుంది. వాడిన డైపర్లను చుట్టి, మిగతా చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వాలి. చెత్త బండి వెనక చేతులతో ఏరేది మనుషులే.

చూసుకునే చేతులు

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో ‘మక్కళై తేడి మరుత్తువం’ మొదలెట్టింది. ప్రజల గడప దగ్గరికే వైద్యం అన్నమాట. ఆరోగ్య కార్యకర్తలు బీపీ, షుగరు మందులు ఇంటికి తెచ్చిస్తారు. ఫిజియోథెరపీ, మంచాన పడ్డవాళ్లకు ఉపశమన సేవ కూడా అందులో ఉన్నాయి. 2024లో ఐక్యరాజ్యసమితి సంస్థల అవార్డు అందుకున్న పథకమిది. ఇలాంటి సందర్శనలో ఇంకో రెండు ప్రశ్నలు చేరాలి: పక్క తడుస్తోందా? పైపు ఉంటే ఎప్పుడు వేశారు, ఎప్పుడు తీస్తారు? ఆంధ్ర, తెలంగాణల్లో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకూ ఈ రెండు ప్రశ్నలు నేర్పవచ్చు.

అడగడమే కష్టమన్నది నిజం. భార్యకు తప్ప ఎవరికీ చూపని ఒంటిని పెద్దాయన పరాయి అమ్మాయి ముందు విప్పాలి. ఆ అమ్మాయికీ ఇబ్బందే. శుభ్రం చేసేటప్పుడు పై గుడ్డ కప్పి ఉంచడం, ఏం చేస్తున్నామో ముందే చెప్పడం, ‘మళ్లీనా!’ అనకపోవడం ఏ కోర్సులోనైనా మొదటి పాఠం కావాలి. కుదిరినచోట మగ అటెండరును పెట్టాలి. కొడుకులు సెలవులకు వచ్చినప్పుడు ఈ పని భార్యకూ అమ్మకూ వదలకుండా తామే ఒక రాత్రి చేసి చూస్తే, ఆ ఇంట్లో అమ్మ ఎన్ని నెలలుగా నిద్రపోలేదో తెలుస్తుంది.

కట్టుగుడ్డ ఊరికి ఒక పని

మళ్లీ మగ్గాల దగ్గరికి వస్తే, రాజపాళయం నేసే నూలు తడిని పీలుస్తుంది గానీ పట్టి ఉంచదు. ఒత్తితే చర్మం మీదికే తిరిగొస్తుంది. డైపర్ లోపల తడిని జెల్‌గా మార్చి బంధించే పొడి ఉంటుంది, దాని బలం అదే. కానీ ఆ డైపర్ ఒకసారి వాడి పారేసేది. రోజుకు మూడు నాలుగు కొనలేని ఇళ్లు పాత చీరలతోనే గడుపుతున్నాయి. పైన మెత్తటి నూలు, మధ్యలో మందంగా పీల్చే పొరలు, అడుగున నీరు దిగని గుడ్డ పెట్టి కుట్టిన పక్క ప్యాడ్లు, ఉతికి మళ్లీ వాడే లోదుస్తులు విదేశాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటికి కావలసిన నూలు, మగ్గం, బ్లీచింగ్, కుట్టే చేతులు అన్నీ ఈ తాలూకాలోనే ఉన్నాయి. గాయాల కోసం ఇన్నేళ్లు నేసిన ఊరు తన పెద్దల కోసం ఒక తక్కువ ధర ప్యాడ్ నేయగలదని నా నమ్మకం. మిల్లు యజమానులు, నేత సంఘాలు, జిల్లా ఆసుపత్రి ఒకచోట కూర్చుంటే సాధ్యమే.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంటి పెద్దాయనను ఆసుపత్రి నుంచి పైపుతో పంపిస్తుంటే, బిల్లు కట్టేముందు మూడు సంగతులు అడగండి: ఈ పైపు దేనికి వేశారు, ఏ తేదీన తీస్తారు, తీశాక మూత్రం సరిగా వస్తోందని ఎవరు చూస్తారు? జవాబులు డిశ్చార్జి కాగితం మీద తేదీతో సహా రాయించుకోండి.